మగ్గం మనది, నూలు వాడిది

అడాజన్‌లో ఆనంద్ మహల్ రోడ్డు పక్కనున్న ఒక అపార్ట్‌మెంట్‌ను ఊహించుకోండి. తండ్రి ఎప్పుడో సిరిసిల్ల నుంచి సూరత్‌కు వలస వచ్చి, లింబాయత్ వైపు మరమగ్గాల షెడ్డుల్లో జీవితమంతా గడిపినవాడు. కొడుకు చదువుకుని, ఉద్యోగం సంపాదించి, తాపీ నదికి ఇవతలి ఒడ్డున ఫ్లాటు కొన్నవాడు. సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ కథ కొత్తది కాదు. ఆ ఇంట్లో రెండు ఫోన్లుంటాయి. తండ్రిది 999 రూపాయల జియోభారత్. అందులో జియో సిమ్ తప్ప మరొకటి పనిచేయదు. కొడుకుది ఆండ్రాయిడ్ స్మార్ట్‌ఫోన్. అందులో ఏ కంపెనీ సిమ్ అయినా పనిచేస్తుంది. తన ఫోనుకు తాళం లేదని కొడుకు ధీమా. ఆ ధీమాకు ఆధారమెంత అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్న కొడుకు కన్నా తండ్రికే తొందరగా అర్థమవుతుంది. సిరిసిల్ల మరమగ్గాల లోకంలో యజమాని, ఆసామి, కార్మికుడు అని మూడు మెట్లున్నాయి. ఆసామికి మగ్గం ఉంటుంది, దానిమీద అప్పు ఉంటుంది, దాని మరమ్మతు ఉంటుంది. నూలు మాత్రం యజమానిది. నేసిన బట్ట మళ్లీ యజమానికే చేరాలి. మగ్గం ఆసామి సొంతమే. కానీ ఏం నేయాలో, ఎంత కూలికి నేయాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది నూలిచ్చినవాడు. పరికరం మీద హక్కు ఉండి, పరికరానికి ప్రాణం పోసే సరుకు మీద హక్కు లేకపోతే ఆ యాజమాన్యం కాగితం మీది మాటే. మొబైల్ ఫోను విషయంలో దేశం ఇప్పుడు సరిగ్గా ఆ ఏర్పాటులోకే నడుస్తోంది.

స్మార్ట్‌ఫోన్ తయారుచేసే సంస్థ టెలికాం నెట్‌వర్క్ సంస్థలో వాటా కొనవచ్చునా? వ్యాపార పత్రికలు దీన్ని లాభనష్టాల లెక్కగా చూస్తాయి. పరికరమూ నెట్‌వర్కూ ఒక చోట చేరితే సామర్థ్యం పెరుగుతుందని, ఖర్చు తగ్గుతుందని రాస్తాయి. కానీ ఇది మొదట రాజకీయ ప్రశ్న. పౌరుడు ప్రభుత్వంతో, బ్యాంకుతో, బడితో, రేషన్ దుకాణంతో మాట్లాడే దారి ఇప్పుడు ఫోనే. ఆ ఫోను, అది నడిచే తరంగాలు ఒకే ప్రయోజనం కిందికి వస్తే, చందాదారుడికి మిగిలేది బిల్లు కట్టే స్వేచ్ఛ ఒక్కటే. కనుక కొనకూడదన్నదే సమాధానం. విచారమేమంటే, ఈ ప్రశ్నను పార్లమెంటు చర్చించకముందే, ఎన్నికల సభల్లో ఎవరూ ఎత్తకముందే, దేశం దానికి మౌనంగా రెండుసార్లు ‘సరే’ అని జవాబిచ్చేసింది.

రెండు నెట్‌వర్కులు, ఒకే వాటాదారు

మొదటి ‘సరే’ 2020లో వచ్చింది. ఆ ఏడాది జులైలో గూగుల్ 33,737 కోట్ల రూపాయలతో జియో ప్లాట్‌ఫామ్స్‌లో 7.73 శాతం వాటా తీసుకుంటున్నట్టు ప్రకటించింది. వాటాతో పాటు, చౌక ధరలో స్మార్ట్‌ఫోన్‌ను, దానికి తగిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను రెండు సంస్థలూ కలిసి రూపొందిస్తాయన్న ఒప్పందమూ కుదిరింది. రెండో ‘సరే’ 2022లో. ఆ ఏడాది జనవరిలో ఎయిర్‌టెల్‌లో వంద కోట్ల డాలర్ల వరకు పెట్టుబడి పెడతానని అదే గూగుల్ ప్రకటించింది. అందులో 70 కోట్ల డాలర్లతో 1.28 శాతం వాటా. మిగిలినది వాణిజ్య ఒప్పందాలకు. వాటిలోనూ చౌక ఫోన్ల ప్రస్తావన ఉంది.

గూగుల్ అంటే వెతుకులాట యంత్రం మాత్రమే కాదు. అది పిక్సెల్ ఫోన్ల తయారీదారు. అంతకు మించి, దేశంలో అమ్ముడయ్యే స్మార్ట్‌ఫోన్లలో అత్యధిక భాగాన్ని నడిపే ఆండ్రాయిడ్‌కు యజమాని. ఫోను పెట్టె మీద ఏ కంపెనీ పేరున్నా, లోపల ఏ యాప్ ముందు కనిపించాలో, ఏ దుకాణం నుంచి యాప్ దిగాలో నిర్ణయించే చేయి అది. ఆ చేయి ఇప్పుడు జియోలోనూ ఉంది, ఎయిర్‌టెల్‌లోనూ ఉంది. దేశంలోని వైర్‌లెస్ చందాదారుల్లో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా ఈ రెండు సంస్థల దగ్గరే ఉన్నారు. అడాజన్ కొడుకు జియో మీద కోపం వచ్చి ఎయిర్‌టెల్‌కు మారినా, ఎయిర్‌టెల్ మీద విసిగి జియోకు మారినా, చేతిలోని ఆండ్రాయిడ్ యజమాని, పాత నెట్‌వర్క్ వాటాదారు, కొత్త నెట్‌వర్క్ వాటాదారు ఒక్కరే. బజారు మారింది, సేఠ్ మారలేదు.

ఇందులో చట్ట ఉల్లంఘన లేదు. ఉల్లంఘన లేకపోవడమే అసలు సమస్య. ఒకే సర్వీస్ ప్రాంతంలో ఒకటికి మించిన టెలికాం సంస్థల్లో ఎవరికీ పది శాతం, ఆపైన వాటా ఉండరాదని లైసెన్సు నిబంధన చెబుతోంది. ఈ నిబంధన వెనుక ఉన్న ఆలోచన మంచిదే. పోటీపడవలసిన ఇద్దరి వెనుక ఒకే యజమాని ఉండకూడదన్నది దాని సారం. కానీ అది రాసిన కాలంలో యజమాని అంటే మరో టవర్ల యజమాని. ఫోను లోపలి నుంచి నెట్‌వర్క్‌లోకి వచ్చే యజమానిని అది ఊహించలేదు. 7.73 శాతం పదికి లోపే. 1.28 శాతం పదికి లోపే. జియోలో ఫేస్‌బుక్ తీసుకున్న 9.99 శాతమూ పదికి లోపే. గీతకు ఇవతల ఎంత దగ్గరగా నిలబడవచ్చో మార్కెట్‌కు తెలుసు. ఆ గీతను అక్కడే ఎందుకు గీశామో ప్రభుత్వం మరిచిపోయింది.

పోటీని కాపాడవలసిన కాంపిటీషన్ కమిషన్ తీరు ఇంకా విచిత్రం. ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్ తన ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేస్తోందన్న ఫిర్యాదు మీద 2019 ఏప్రిల్‌లోనే కమిషన్ దర్యాప్తుకు ఆదేశించింది. ఆ దర్యాప్తు సాగుతుండగానే 2020 నవంబరులో జియోలో గూగుల్ వాటాకు అదే కమిషన్ అనుమతి ఇచ్చింది. 2022లో ఎయిర్‌టెల్ వాటాకూ ఇచ్చింది. ఆ తరువాత కొద్ది నెలలకే, 2022 అక్టోబరులో, దుర్వినియోగం నిజమేనని తేల్చి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ కమిషన్ ఆదేశాల్లో కొన్నింటిని కొట్టివేసినా జరిమానాను మాత్రం ఖాయం చేసింది. ఒక గదిలో విచారణ, పక్క గదిలో స్వాగతం. జరిమానా వేసిన చేతికి తాను అంతకు ముందే ఇచ్చిన రెండు అనుమతులను తిరిగి చూడాలని తోచలేదు.

గుజరాత్ చూసిన పాఠం

పరికరాల తయారీదారు నెట్‌వర్క్‌లోకి దిగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. అడాజన్ ఉన్న గుజరాత్ సర్కిలే ఆ ప్రయోగాన్ని చూసింది. టీవీలు, ఫ్రిజ్‌లు అమ్మే వీడియోకాన్ మొబైల్ హ్యాండ్‌సెట్ల వ్యాపారంలోనూ అడుగుపెట్టింది. డేటాకామ్ సొల్యూషన్స్ అనే సంస్థ ద్వారా టెలికాం లైసెన్సులూ చేజిక్కించుకుంది. 2008 జనవరిలో యూపీఏ ప్రభుత్వం ‘ముందొచ్చినవారికి ముందు’ అంటూ పంచిన లైసెన్సులవి. మన ఫోను, మన సిమ్, మన దుకాణం అన్న లెక్క అప్పట్లో ఎంతో ముచ్చటగా కనిపించింది.

2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేసింది. వాటిలో 21 వీడియోకాన్‌వి. అదే ఏడాది నవంబరు వేలంలో గుజరాత్ సహా ఆరు సర్కిళ్లలో ఆ సంస్థ 2,200 కోట్ల రూపాయలకు పైబడిన ధరకు స్పెక్ట్రమ్ మళ్లీ కొనుక్కుంది. నాలుగేళ్లు తిరగకముందే, 2015 చివర్లో గుజరాత్, పశ్చిమ ఉత్తరప్రదేశ్ స్పెక్ట్రమ్‌ను ఐడియాకు అమ్మడానికి బేరం కుదుర్చుకుంది. ఆ బేరం చెడింది. 2016 మార్చిలో ఆరు సర్కిళ్ల స్పెక్ట్రమ్‌నూ 4,428 కోట్ల రూపాయలకు ఎయిర్‌టెల్‌కు అప్పగించడానికి ఒప్పందం చేసుకుంది. ఫోను తయారీ, నెట్‌వర్కు కలిస్తే పుట్టుకొస్తుందన్న కొత్త సేవ ఏదీ పుట్టలేదు. మిగిలింది స్పెక్ట్రమ్ అమ్మకం. ఆ నెట్‌వర్క్‌ను నమ్ముకున్న చందాదారులు మరో గుమ్మం వెతుక్కున్నారు. 2018లో వీడియోకాన్ మాతృసంస్థే దివాలా విచారణకు చేరింది.

వీడియోకాన్ పతనానికి ఫోన్లూ టవర్లూ కలవడమే ఏకైక కారణమని ఎవరూ అనరు. అప్పులున్నాయి, చమురు క్షేత్రాల మీది ఆశలున్నాయి, కోర్టు తీర్పు ఉంది. కానీ ఒక విషయం స్పష్టం. తయారీదారుకు నెట్‌వర్క్ ప్రధాన వృత్తి కాదు. తన సరుకుకు దారి చేసుకునే సాధనం, లేదా ధర పెరిగాక అమ్ముకునే ఆస్తి. అవసరం తీరాక దాన్ని దులుపుకుని పోగలడు. ఇంటి నంబరును బ్యాంకు ఖాతాకు, గ్యాసు కనెక్షనుకు, పిల్లల బడికి ఇచ్చుకున్న చందాదారుడు అంత తేలిగ్గా పోలేడు.

తెలుగువారి జ్ఞాపకంలో ఇంకో ఉదాహరణ ఉంది. 2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ 501 రూపాయలు కడితే ఫోను చేతికిచ్చింది. సిమ్ లేని ఫోను. నెట్‌వర్కే ఫోను, ఫోనే నెట్‌వర్కు. పల్లెల్లో, పట్టణాల్లో ఆటోడ్రైవరు దగ్గర్నుంచి కూరగాయల వ్యాపారి దాకా మొదటిసారి మొబైల్ పట్టుకున్నది ఆ పథకంతోనే. ఆ మేలును కాదనలేం. అయితే ఆ ఫోనుతో వేరే కంపెనీకి పోయే దారి లేదు. పోవాలంటే ఫోనును పారేయాలి. చివరికి ఆ నెట్‌వర్కే మూతపడినప్పుడు ఫోన్లు ప్లాస్టిక్ ముక్కలుగా మిగిలాయి.

ఐదో వంతు వాటా, ఎనభై ఐదు శాతం పట్టు

‘ఏడు శాతం, ఒక్క శాతం వాటాతో ఎవరు ఎవరిని శాసిస్తారు? ఇది పెట్టుబడి మాత్రమే, పెత్తనం కాదు’ అన్నది కంపెనీల పక్షాన వినిపించే మొదటి వాదన. ఈ వాదనకు ఆపిల్ స్వయంగా సమాధానం చెప్పింది. 2024 నవంబరులో ఉపగ్రహ టెలికాం సంస్థ గ్లోబల్‌స్టార్‌తో ఆపిల్ ఒప్పందం కుదుర్చుకుంది. అనుబంధ సంస్థలో 20 శాతం వాటాకు 40 కోట్ల డాలర్లు, కొత్త ఉపగ్రహాల నిర్మాణానికి ముందస్తు చెల్లింపుగా 110 కోట్ల డాలర్ల వరకు. దీనికి ప్రతిగా నెట్‌వర్క్ సామర్థ్యంలో 85 శాతం ఆపిల్‌కే. వాటా ఐదో వంతు, వినియోగం ఐదింట నాలుగు వంతులకు మించి. పెత్తనం వాటా పత్రంలో రాసి ఉండదు, దానికి జతచేసిన వాణిజ్య ఒప్పందంలో ఉంటుంది. జియో, ఎయిర్‌టెల్‌లలో గూగుల్ వాటాల పక్కన ఉన్న వాణిజ్య ఒప్పందాల షరతులు చందాదారులకు తెలియవు. వాటా శాతాన్ని మాత్రమే చూపి ‘ఇంతే కదా’ అనడం, తాళంచెవి బరువు చూపి ‘ఇంత చిన్నదే కదా’ అనడం లాంటిది.

రెండో వాదన సామర్థ్యం. పరికరం, నెట్‌వర్కు ఒకరి చేతిలో ఉంటే రెండూ ఒకదానికొకటి బాగా అమరుతాయంటారు. మోటరోలా కన్నా బాగా ఈ ప్రయోగం చేసినవారు లేరు. ఇరిడియం అనే ఉపగ్రహ ఫోను సంస్థను ఊహించింది మోటరోలాయే. ప్రధాన వాటాదారూ, ఉపగ్రహాల కాంట్రాక్టరూ, హ్యాండ్‌సెట్ల తయారీదారూ అదే. 66 ఉపగ్రహాలు, సుమారు 500 కోట్ల డాలర్ల ఖర్చు. 1998 నవంబరు 1న సేవ మొదలైంది. హ్యాండ్‌సెట్ ధర దాదాపు మూడు వేల డాలర్లు. ఇటుకంత ఫోను, ఇంట్లో పనిచేయని ఫోను. 1999 ఆగస్టులో సంస్థ దివాలా తీసింది. పరికరాలు అమ్మేవాడే కొనేవాడి యజమాని కూడా అయినప్పుడు, ‘ఈ ధరకు ఈ సరుకు మనకెందుకు’ అని అడిగే గొంతు ఆ గదిలో ఉండదు. సామర్థ్యం పుట్టేది ఆ ప్రశ్న నుంచే. ఆ ప్రశ్నను చంపి సామర్థ్యాన్ని సాధిస్తామనడం వైరుధ్యం.

పేదవాడి పేరు మీద తాళం

ఈ చర్చలో అన్నిటికన్నా బలమైన వాదన మూడోది. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కోట్లాది మంది ఇంకా 2జీ ఫోన్ల మీదే ఉన్నారు, వారి చేతికి ఇంటర్నెట్ చేరాలంటే ఫోను ధర తగ్గాలి, తగ్గించాలంటే ఎవరో ఒకరు భరించాలి, తయారీదారూ నెట్‌వర్కూ కలిస్తేనే ఆ భారం మోయగలరు అన్నది ఆ వాదన. 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌తో జియోఫోన్ వచ్చింది. 2021 దీపావళికి గూగుల్‌తో కలిసి చేసిన జియోఫోన్ నెక్స్ట్ 6,499 రూపాయలకు వచ్చింది. 2023లో 999 రూపాయల జియోభారత్ వచ్చింది. అడాజన్ తండ్రి చేతిలోకి వీడియో, చెల్లింపులు వచ్చింది ఈ దారిలోనే. ఇది మేలే.

అయితే ఆ మేలు ఖరీదెంతో 2024 జులైలో తెలిసింది. ఒకటి రెండు రోజుల తేడాతో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా మూడూ రేట్లు పెంచాయి. జియోలో 155 రూపాయల 28 రోజుల ప్లాను 189 అయింది. కోపం వచ్చిన లక్షలాది చందాదారులు ఆ నెలల్లో బీఎస్ఎన్ఎల్ వైపు నడిచారు. 2011 జనవరిలో దేశమంతటా అమలులోకి వచ్చిన నంబర్ పోర్టబిలిటీ వారికి ఆ వీలు కల్పించింది. 2015 జులై నుంచి రాష్ట్రం మారినా నంబరు మార్చుకోనవసరం లేకుండా పోయింది. సిరిసిల్ల నంబరుతోనే సూరత్‌లో బతికే వలస కార్మికుడికి అది చిన్న వరం కాదు. కానీ ఒకే నెట్‌వర్క్‌కు బిగించిన ఫోను ముందు ఆ హక్కు చేతకానిదైపోతుంది. తండ్రి తన నంబరును తీసుకుపోగలడు, ఫోనును తీసుకుపోలేడు. నంబరు మార్చుకునే హక్కు చట్టం ఇచ్చింది, ఫోను మార్చుకునే డబ్బు ఎవరిస్తారు? నిరసన తెలిపే అవకాశం కొడుకుకు ఉంది, తండ్రికి లేదు. పేదవాడి కోసమే తెచ్చామన్న ఫోను, ధరలు పెరిగిన రోజున పేదవాడినే కదలనివ్వలేదు.

ఫోను ధర తగ్గించడానికి ప్రభుత్వం దగ్గర వేరే దారి లేదా? 2020 ఏప్రిల్ 1న మొబైల్ ఫోన్ల మీద జీఎస్టీని 12 శాతం నుంచి 18కి పెంచింది ఈ ప్రభుత్వమే. టెలికాం సంస్థల ఆదాయం నుంచి వసూలు చేసిన సొమ్ముతో రెండు దశాబ్దాలుగా సార్వత్రిక సేవా నిధి నడుస్తోంది. 2023 చట్టం దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చింది. మారుమూల ప్రాంతాలకు, వెనుకబడిన వర్గాలకు టెలికాం సేవ అందించడం ఆ నిధి ధర్మం. పేద కుటుంబానికి ఏ నెట్‌వర్క్‌లోనైనా పనిచేసే ఫోను కొనుక్కోవడానికి ఆ నిధి నుంచి సాయం అందించవచ్చు. ఆ పని చేయకుండా, ఒకవైపు పన్ను పెంచి, మరోవైపు తాళం వేసిన ఫోను అమ్మే కంపెనీలను ‘డిజిటల్ విప్లవకారులు’ అని పొగడటం ఏ తరహా ప్రజాసేవ?

బ్రిటన్‌లో ఒకే నెట్‌వర్క్‌కు తాళం వేసిన ఫోన్ల అమ్మకాన్ని 2021 డిసెంబరు నుంచి నియంత్రణ సంస్థ నిషేధించింది. కెనడా అంతకు నాలుగేళ్ల ముందే ఆ పని చేసింది. అక్కడి కంపెనీలు దివాలా తీయలేదు, ఫోన్ల అమ్మకం ఆగలేదు. మనిషికి ఫోను కన్నా పెద్ద ఆస్తి ఉన్న దేశాలు ఆ రక్షణ కల్పించాయి. మనిషికి ఫోనే పెద్ద ఆస్తి అయిన దేశం కల్పించలేదు.

చైనాకు ఒక న్యాయం, అమెరికాకు ఒక న్యాయం

ఇక్కడే జాతీయ రాజకీయాల ద్వంద్వ నీతి బయటపడుతుంది. 2020 ఏప్రిల్‌లో, సరిహద్దు దేశాల నుంచి వచ్చే ఏ పెట్టుబడికైనా ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. 2021 జూన్ నుంచి, నమ్మదగిన సంస్థల పరికరాలనే నెట్‌వర్కుల్లో వాడాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. ఈ జాగ్రత్తలు అవసరమే. రేపు వివో గానీ, షియోమీ గానీ ఏదో ఒక భారతీయ నెట్‌వర్క్‌లో ఏడు శాతం వాటా కొంటానంటే ఏమవుతుంది? టీవీ స్టూడియోల్లో యుద్ధం మొదలవుతుంది. ఫోనూ నెట్‌వర్కూ ఒకరి చేతిలో పడితే పౌరుడి సమాచారం ఏమవుతుందని అందరూ అడుగుతారు. సరైన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్నకు పాస్‌పోర్ట్ ఎందుకు? పరికరం తయారీదారు నెట్‌వర్క్‌లోకి రావడం ప్రమాదమైతే అది షెన్‌జెన్ నుంచి వచ్చినా ప్రమాదమే, కాలిఫోర్నియా నుంచి వచ్చినా ప్రమాదమే, ముంబై నుంచి వచ్చినా ప్రమాదమే. ఒకరి విషయంలో జాతీయ భద్రత, మరొకరి విషయంలో ‘పెట్టుబడుల వెల్లువ’ అన్నప్పుడు అది విధానం కాదు, మొహమాటం.

ఇదే దేశంలో 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ ఒక మంచి పని చేసింది. ఏ వెబ్‌సైటు చూస్తున్నారన్న దాన్నిబట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టకూడదని ఆదేశించింది. దాంతో ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ పథకం వెనక్కి పోయింది. లక్షల మంది పౌరులు ఉత్తరాలు రాస్తే ఒక నియంత్రణ సంస్థ వెన్నెముక నిలబెట్టుకున్న అరుదైన సందర్భమది. నాలుగేళ్ల తరువాత అదే ఫేస్‌బుక్ 43,574 కోట్ల రూపాయలతో జియోలో వాటాదారుగా వచ్చింది. ముందు గుమ్మంలో ఆపినవాడు ఇంటి దస్తావేజులో పేరు రాయించుకుని వచ్చినట్టయింది. ఈసారి ఉత్తరాలు లేవు, చర్చ లేదు.

చర్చ జరగవలసిన చోటు పార్లమెంటు. 138 ఏళ్ల నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో కొత్త టెలికాం చట్టాన్ని తెచ్చిన 2023 డిసెంబరు సమావేశాలు దానికి సరైన సమయం. కానీ ఆ సమావేశాల్లో 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెన్షన్‌లో ఉన్నారు. బిల్లు లోక్‌సభలో ఒక రోజు, రాజ్యసభలో మరునాడు ఆమోదం పొందింది. ఫోను తయారీదారు, ఆపరేటింగ్ సిస్టమ్ యజమాని, నెట్‌వర్క్ వాటాదారు ఒకరే అయితే ఏమిటన్న ప్రశ్న ఆ ఖాళీ బెంచీల మధ్య లేవలేదు. సభలో ఉండి ఉంటే ప్రతిపక్షం లేవనెత్తేదా అన్నదీ సందేహమే. 2008 లైసెన్సుల భారం కాంగ్రెస్‌ను ఇప్పటికీ టెలికాం అంటే తలదించుకునేలా చేస్తోంది. 2జీ పేరు మీద అధికారంలోకి వచ్చిన భారతీయ జనతా పార్టీ, నాడు డజనుకు చేరువైన పోటీదారులు నేడు నలుగురికి ఎలా కుదించుకుపోయారో చెప్పదు. ఆ నలుగురిలో ఒకటి పూర్తిగా ప్రభుత్వానిదే. మరొకటైన వొడాఫోన్ ఐడియాలో బకాయిలను వాటాగా మార్చుకుని ప్రభుత్వం 2025లో దాదాపు 49 శాతానికి చేరింది. అంపైరే రెండు జట్లలో ఆడుతున్న మైదానంలో మిగిలిన రెండు జట్లకూ బంతి సరఫరా చేసేది ఒకే కంపెనీ.

చేయవలసినవి

కోపం ఒక్కటే విధానం కాజాలదు. చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి, అవి అసాధ్యమూ కావు.

మొదటిది, లైసెన్సు నిబంధనలోని పది శాతం గీతను కొత్త కాలానికి తగ్గట్టు తిరిగి గీయాలి. ఫోన్ల మార్కెట్‌లో గానీ, ఫోన్లను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ మార్కెట్‌లో గానీ ఆధిపత్యం ఉన్న ఏ సంస్థకూ, అది ఏ దేశానిదైనా సరే, టెలికాం నెట్‌వర్క్‌లో వాటా ఉండరాదు. ఇప్పటికే ఉన్న వాటాలను వదిలించుకోవడానికి గడువు ఇవ్వాలి. కనీసం, ఒకే సంస్థకు పోటీలో ఉన్న రెండు నెట్‌వర్కుల్లో ఒక్క శాతం వాటా కూడా ఉండకూడదన్న నియమం వెంటనే రావాలి.

రెండవది, వాటాతో జతచేసిన వాణిజ్య ఒప్పందాలను బహిరంగం చేయాలి. 2026 మొదటి అర్ధభాగానికి జియోను స్టాక్ మార్కెట్‌లో నమోదు చేస్తామని ముకేశ్ అంబానీ 2025 ఆగస్టులో వాటాదారులకు చెప్పారు. ప్రజల డబ్బు అడిగే సంస్థ, ప్రజల ఫోన్ల గురించి ఎవరితో ఏ షరతులకు ఒప్పుకుందో ఆ ప్రాస్పెక్టస్‌లో రాయాలి. రాయించవలసిన బాధ్యత సెబీది.

మూడవది, దేశంలో అమ్మే ప్రతి ఫోనూ ప్రతి నెట్‌వర్క్‌లో పనిచేయాలి. వాయిదాల బాకీ ఉంటే అది బాకీగా ఉండాలి, తాళంగా కాదు. ఆ బాకీని వసూలు చేసుకునే మార్గాలు బ్యాంకులకు తెలుసు. ఫోన్ల కంపెనీలకూ తెలుసు.

నాలుగవది, పేదవాడి ఫోనుకు సాయం డిజిటల్ భారత్ నిధి నుంచి నేరుగా పేదవాడికే చేరాలి. ఏ ఫోను కొనాలో, ఏ సిమ్ వేయాలో అతడు నిర్ణయించుకుంటాడు. చవక ఫోన్ల మీద జీఎస్టీ తగ్గించాలి.

పెట్టుబడులు పారిపోతాయని బెదిరించేవారు ఉంటారు. నూలు వ్యాపారి బట్ట కొనకూడదంటే మగ్గాలు మూతపడతాయని సిరిసిల్ల యజమానులూ ఎన్నోసార్లు బెదిరించి ఉంటారు. నూలు వేరే చోట దొరికి, బట్టకు వేరే కొనుగోలుదారుడు ఉన్న రోజున ఆసామి కూలి పెంచమని అడగగలిగాడు. ఆ రెండూ ఒకే గుమ్మంలో ఉన్నన్నాళ్లూ అడగలేకపోయాడు. అది అనుభవించి, ఊరు విడిచి సూరత్ చేరిన తండ్రికి ఈ వ్యాసంలోని ఏ అంకెా అక్కర్లేదు. కొడుకుకు మాత్రం కావాలి. అతడి చేతిలోని ఫోనుకు అతడే యజమాని అని బిల్లు మీద రాసి ఉంది. మగ్గం ఆసామిదేనని సిరిసిల్లలోనూ కాగితం మీద రాసే ఉండేది.